ఎనభై దాటాక

"ఎనభై దాటింది కదా సార్, ఇక వైరు తీసెయ్యరా?" టాక్సీ డ్రైవరు మా కారు కిటికీలోకి వంగి అడిగాడు.

మా అబ్బాయి ఫోనులోంచి తల ఎత్తలేదు. "నిండాకే తీస్తా."

వెనక ఎవరైనా ఆగి ఉంటే ఎనభై శాతం దగ్గర తీసి చోటివ్వడం ఛార్జింగ్ స్టేషన్‌లో మర్యాదట. నాకు చెప్పింది మావాడే. మొన్న ఎవడో తీయలేదని ఇంటికొచ్చి గంటసేపు తిట్టాడు.

"నా బండిలో మూడు శాతమే ఉంది సార్. నాలుగింటికి ఆస్పత్రిలో మా అమ్మకి డయాలసిస్. టైము దాటితే మళ్ళీ ఎల్లుండే అంటారు."

"మా అమ్మకీ బాగాలేదయ్యా. ఆస్పత్రికే వెళ్తున్నాం."

మేం వెళ్తున్నది సినిమాకి. నేనా, గుండ్రాయిలా ఉన్నాను. పొద్దున్నే రెండంతస్తులెక్కి బట్టలారేసి వచ్చాను. అయినా డ్రైవరు నావైపు చూడగానే, కొడుకు పరువు పోతుందని కళ్ళు మూసుకుని మూలిగాను.

"అయ్యో, తెలీక అడిగాను పెద్దమ్మా" అని వెళ్ళిపోయాడు.

హమ్మయ్య అనుకునేలోపే దిండు పట్టుకుని మళ్ళీ వచ్చాడు.

"మా అమ్మ ఇమ్మంది. ఎల్లుండి దాకా ఎలాగో ఓర్చుకుంటుందట, ముందు మిమ్మల్ని వెళ్ళనివ్వమంటోంది. నడుం కింద పెట్టుకోండి."

వెనక టాక్సీలోంచి నీరు పట్టి ఉబ్బిన మొహమొకటి, పరవాలేదన్నట్టు నాకేసి తలూపింది.

నిజం చెబుదామని నోరు తెరిచాను. మావాడు ముందరి అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు.

"మీ అమ్మ చల్లగా ఉండాలి నాయనా" అన్నాను.

దిండు అందుకుని నడుం కింద సర్దుకున్నాను. అది ఇంకా వెచ్చగానే ఉంది.