నాలుగో గడి

"తాళంచెవి ఎప్పుడు పోయిందమ్మా?" ఉలి మొన పెట్టె మూత సందులో దూరుస్తూ అడిగాడు వడ్రంగి.

"నేను ఈ కంపెనీలో చేరకముందే పోయిందట."

"అయితే దీనికీ నాకూ ఒకటే జాతకం. ఏమిటి సంగతని అడిగిన నాథుడు లేడు."

నవ్వే ఓపిక లేక తలూపి ఊరుకుంది సెక్రటరమ్మ. కంపెనీ సెక్రటరీ అన్న హోదాని కింది నుంచి పైదాకా అందరూ కలిసి అలా కుదించేశారు.

ఎల్లుండి విదేశాల నుంచి కొనుగోలుదార్లు వస్తున్నారు. వాళ్ళకో పట్టిక కావాలట. కంపెనీ పెద్దని నిలదీసే ఏర్పాటు ఏ దేశంలో ఎలా ఉంది, మీ దగ్గర ఎలా ఉంది అని. వారం రోజులు కళ్ళు లాగేదాకా చదివి మూడు గడులు నింపింది. ఒక దేశంలో కంపెనీకి రెండు బోర్డులు. ఒకటి నడుపుతుంది, పనివాళ్ళు కూడా కూర్చునే రెండోది దాన్ని కనిపెట్టి ఉంటుంది. కోడలు వండితే అత్తగారు ఉప్పు చూసినట్టు. ఇంకో దేశంలో బోర్డు ఒకటే, కాకపోతే అందులో బయటివాళ్ళు ఉండి తీరాలి. మన కూర బాగుందో లేదో పక్కింటావిడ చెప్పాలి. మూడో దేశంలో కంపెనీ వ్యవహారం మీద బ్యాంకు ఓ కన్నేసి ఉంచుతుంది. సరుకులిచ్చే కొట్టతనే వంటింట్లోకి తొంగిచూస్తాడన్నమాట.

నాలుగో గడి తమ కంపెనీది. ఇక్కడ వండేదీ, వడ్డించేదీ, తిని బాగుందనేదీ ఎండీగారొక్కరే. ఉన్నదున్నట్టు అలా రాయడానికి వీల్లేదు గనక 'ఫిర్యాదుల పెట్టె' అని రాద్దామనుకుంది. రాసేముందు ఒకసారి తెరిచి చూడటం న్యాయమనిపించింది. అదే ఆమె చేసిన పొరపాటు.

మూత ఊడింది. బస్సు టిక్కెట్లు, చాక్లెట్ కాగితాలు, ఒక ఎండిన బల్లి. అన్నిటికీ అడుగున నాలుగు మడతల ఉత్తరం. దాన్ని ఎండీగారి గదికి పట్టుకెళ్ళింది.

"కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను, మీరే చదవండి," అన్నారు ఎండీగారు మీసం దువ్వుకుంటూ.

ఆమె చదివింది. "అయ్యా, ప్యాకింగ్ హాలు వెనక తలుపుకి గొలుసు వేసి తాళం పెడుతున్నారు. లోపల ఎనభై మందిమి ఉంటాము. నిప్పంటుకుంటే మాకు దారి ఏది? మీ ఇంట్లో పిల్లల్ని ఇలా తాళం వేసి ఉంచుతారా?"

"సంతకం?"

"లేదండీ."

"ఎనభై మందా? అక్కడున్నది రెండొందల మంది. లెక్క కూడా రానివాడు మనకి నీతులు చెప్పడం."

"గొలుసు మాట మాత్రం నిజమే కదండీ."

"సరుకు పోతోందని వేశాం. మా మామగారి హయాం నుంచీ ఉంది. ఎవరైనా పోయారా?"

"ఇంకా లేదండీ."

ఎండీగారు ఆమె వంక అనుమానంగా చూశారు. ఆమె ముఖంలో అలసట తప్ప ఇంకేం దొరకలేదు.

"నేనూ ఆ హాల్లో కాళ్ళు పీకేలా నిలబడి పనిచేసిన వాణ్ణే. ఒక్కనాడైనా నోరెత్తానా? ఎల్లుండి ఆ వచ్చినవాళ్ళ చెవిలో వీడు ఇదే ఊదితే మన గతేమిటి?" అప్పటికప్పుడు ఉద్యోగం నుంచి తీసేస్తున్నట్టు ఆర్డరు టైపు చేయించి, పేరు చోట ఖాళీ వదిలి, కింద సంతకం గిలికారు. "అందరి దరఖాస్తులూ రికార్డు గదిలో ఉన్నాయిగా. చేతిరాత పోల్చి చూడండి. సాయంత్రానికి పేరు నింపెయ్యండి."

"ఎవరైనా సరేనాండీ?"

"ఎవరైనా సరే. నా బావమరిదైనా సరే."

రికార్డు గదిలో దుమ్ముకి ఆమె తుమ్మింది, కట్టలు దింపుతున్న వడ్రంగీ తుమ్మాడు. ఉత్తరంలో 'ళ' కింద గాలిపటానికున్నంత తోక ఉంది. ఆ తోక కోసం ఒక్కో దరఖాస్తూ తిరగేసింది. ముగ్గురు పిల్లల్ని ఒంటిచేత్తో సాకుతున్న, లేబుళ్ళు అంటించే ఆవిడ. కీళ్ళనొప్పుల మేస్త్రి. తీసిన ప్రతిసారీ ఇది కాకుండా ఉంటే బాగుండుననుకుంది. కాదని తేలగానే ఊపిరి పీల్చుకుంది. రెండొందల ఊపిర్లు పీల్చేసరికి నడుం పడిపోయింది.

"ఎనభై మందంటే కొత్త షెడ్డు కట్టకముందు మాటమ్మా," అన్నాడు వడ్రంగి. "పాత కట్టలు దింపనా?"

నాలుగో పాత కట్టలో తోక దొరికింది. ఆమె పేరు చూసింది, ఫోటో చూసింది. కాగితం ఒళ్ళో పెట్టుకుని, ఇక కట్టలు దింపొద్దని చెయ్యి ఊపింది.

"ఎవరమ్మా? మనవాళ్ళేనా?"

"మనవాళ్ళే."

"అయ్యో. ఉద్యోగం పోతుందా?"

"నా చేతిలో ఏముందయ్యా. ఆర్డరు మీద సంతకం కూడా అయిపోయింది."

ఆమె వెళ్ళేసరికి ఎండీగారికి ఇంటి నుంచి కళ్ళజోడు వచ్చింది.

"దొరికాడా?"

"దొరికారండీ."

"వాడికి మర్యాద కూడానా?"

ఆమె ఉత్తరం, పాత దరఖాస్తు, ఆర్డరు, మూడూ వరసగా బల్ల మీద పరిచింది. పక్కన నాలుగో గడి ఖాళీగా ఉన్న పట్టిక కూడా పెట్టింది.

"వెనక తలుపు గొలుసు తీయించమంటారా, ఆర్డర్లో పేరు నింపమంటారా?"

ఎండీగారు కళ్ళజోడు పెట్టుకుని దరఖాస్తు మీదికి వంగారు.

ఫోటోలో ఆయనకి మీసం ఇంకా సరిగ్గా మొలవలేదు.