ఎదురు వెలుతురు

బర్మాలో బాగో ఊరు వరదకు మునిగిన సంవత్సరం జరిగింది ఇది.

వరద తీసిన పది రోజులకు, యాంగోన్‌లో అహ్లోన్ రేవు పక్క వీధిలో, ధర్మరాజు టాక్సీ ముందు దీపాలకు ఎవరో నల్లటేపు అంటించారు.

అద్దం మొత్తానికి కాదు. ఒక మూలకి, సమోసా ఆకారంలో, చిన్న ముక్క.

ధర్మరాజు మధ్యాహ్నం అన్నం తిని వచ్చి చూశాడు. గోటితో పీకి పారేశాడు.

మర్నాడు మధ్యాహ్నం మళ్లీ ఉంది. అదే మూల, అదే ముక్క.

"గురుతు పెడతన్నారు," అంది అతని భార్య సూరమ్మ. "పోయిన రెండు కార్లకీ ముందు ఇలగే పెట్టుంటారు."

ఆ నెలలో వీధిలో రెండు కార్లను దొంగలు ఎత్తుకుపోయారు. రెండూ జపాన్ నుంచి వచ్చిన పాతబండ్లే. ధర్మరాజుదీ అదే రకం. అది పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

మూడోరోజు అతను అన్నానికి కూర్చోలేదు. కిటికీ సందులోంచి చూస్తూ నిలబడ్డాడు.

ఒంటిగంటకు ఒక ముసలాయన వచ్చాడు. బర్మావాళ్ల లుంగీ, భుజాన గుడ్డసంచి. కారు ముందు గొంతుక్కూచున్నాడు. చొక్కా అంచుతో దీపం అద్దం తుడిచి టేపు అంటించాడు. రెండోదానికి ముక్క కత్తిరిస్తుండగా ధర్మరాజు వెళ్లి చెయ్యి పట్టుకున్నాడు.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు బర్మా భాషలో.

"ఈ లైటు ఎదుటివాళ్ల కళ్లలో కొడుతోంది," అన్నాడు ముసలాయన ఆ భాషలోనే.

"నా లైటుతో నీకేం పని?"

ముసలాయన రెండో దీపం వైపు వంగబోయాడు.

సూరమ్మ గరిటెతో సహా బయటికి వచ్చింది. "ఏటంటన్నాడు?" అంది తెలుగులో.

"లైటు బాగుసేత్తన్నాడట. అడక్కుండానే."

"ఓలమ్మా, దరమ పెబువు! మొకం సూడు, సట్టి నాకిన పిల్లి మొకం. ముందు ఆ సంచి సూడవయ్యా."

"మెల్లగ. ఇనబడతాది."

"ఇనబడితే ఏటి? మన మాట ఆడికేటి తెలుస్తాది?"

కొత్తవాడి ఎదుట గుట్టుగా మాట్లాడుకోవాలంటే ఆ వీధిలో అందరికీ తెలుగే.

ధర్మరాజు లాక్కున్న సంచిలో ఇంకో టేపు చుట్ట, కొలతకు కోసుకున్న అట్టముక్క, పాత కరెంటు బిల్లు ఒకటి. బిల్లు వెనక పెన్నుతో రాసిన నంబరు.

ధర్మరాజు కారు నంబరు.

"దొరికాడు దొంగ," అంది సూరమ్మ.

"నా నంబరు ఎందుకు రాసుకున్నావు? నిన్నెవరు పంపారు?"

ముసలాయన ఆ కాగితం కోసం చెయ్యి చాచాడు.

ధర్మరాజు కొట్టాడు. చెంప మీద, బలంగా. ముసలాయన కారు మీదికి తూలి నిలదొక్కుకున్నాడు. పెదవి చిట్లింది. ఇరుగుపొరుగు తలుపులు తెరుచుకున్నాయి.

"వార్డు ఆఫీసుకి అప్పజెప్పండి," అన్నారెవరో.

ముసలాయన పెదవి తుడుచుకుని సూరమ్మ వైపు తిరిగాడు.

"కొంచిం మంచినీళ్లు ఇప్పించమ్మా," అన్నాడు. తెలుగులో.

సూరమ్మ గరిటె దించింది. లోపలికి పోయి గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

ఆయన తాగి గ్లాసు అరుగు మీద పెట్టాడు. "ఆ టేపు మటుకు పీకకు, బాబూ, రెండోదానికీ అంటించు," అని ధర్మరాజుతో చెప్పి, సంచి అడక్కుండానే బస్సుస్టాపు వైపు నడిచాడు. ఎవరూ ఆపలేదు.

"తెలుగోడైతే మటుకు దొంగ కాకూడదేటి?" అంది సూరమ్మ ఆ గ్లాసు తీస్తూ.

ఆ సాయంత్రం ధర్మరాజు కారును మెకానిక్ సుభాష్ షెడ్డుకి తీసుకెళ్లాడు. ముసలాడు బండిలో ఏమైనా దాచాడేమో చూడమన్నాడు.

సుభాష్ కింద దూరి చూశాడు. బానెట్ ఎత్తి చూశాడు. చివరికి గోడకు ఎదురుగా నిలబెట్టి లైట్లు వేశాడు.

టేపు ఉన్న దీపం వెలుతురు గోడ మీద నడుం ఎత్తున ఆగింది. టేపు లేని దాని వెలుతురు ఎడమ పక్కన తలదాకా ఎగబాకింది.

"ఎవులు మావా ఇది అంటించింది? పని తెలిసినోడు."

"ఏటి సంగతి?"

"జపానోళ్లు రోడ్డుకి ఎడమ పక్కన నడుపుతారు. అందుకని ఆళ్ల బండి లైటు ఎడమకి ఎత్తి కొడతాది. అక్కడ ఆ పక్క సెట్టూ పుట్టా ఉంటాది. మనం నడిపేది కుడి పక్కన. మరి మనకి ఎడమ పక్క ఎవులుంటారు?"

"ఎదురొచ్చేవోడు."

"ఆడి కళ్లలో పడతాది."

"మూడేళ్లయి నడుపుతన్నాను. ఎవులూ సెప్పలేదు."

"ఎదురొచ్చేవోళ్లు లైట్లు కొట్టి సెప్పలేదేటి?"

చెప్పారు. వాళ్లకు పొగరనుకున్నాడు ధర్మరాజు.

అయినా అనుమానం తీరలేదు. లైటు సంగతి సరే, ఇన్ని బండ్లుండగా తన నంబరే ఎందుకు?

మర్నాడు పొద్దున్నే సంచి తీసుకుని బయల్దేరాడు. కరెంటు బిల్లు మీద నది అవతల తన్లిన్‌లో ఒక ఇంటి అడ్రసు ఉంది.

"రెండు అరటిపళ్లు పట్టుకెల్తావేటి?" అంది సూరమ్మ.

"ముందు దొంగో దొరో తెలనీ."

వంతెన దాటి ఆ ఇల్లు పట్టుకున్నాడు. హైమ అనే ముప్పై ఏళ్ల ఆడమనిషి, ఒక కాలు ఈడుస్తూ వచ్చి తలుపు తీసింది.

"ఇది మా నాన్న సంచే," అంది హైమ. "పేరు ఢిల్లేశ్వరరావు. తెల్లారి బస్సుకే మా ఊరు మోల్మీన్ ఎల్లిపోయాడు. ఏడాది నా కాడే ఉన్నాడు. పని అయిపోయింది, ఇంక రానన్నాడు."

"ఏటమ్మా ఆ పని?"

ఆమె అతని భుజం మీదుగా వీధిలోని కారును చూసింది. నంబరు చూసింది. తలుపు రెక్క పట్టుకుంది.

"నిరుడు వానల్లో మా అన్న మోటారుసైకిల్ నడుపుతన్నాడు, నాను ఎనక కూచున్నాను. ఎదురొచ్చిన కారు వెలుతురికి అన్నకి దారి కనబడక కాలవలోకి పోయాం. పడతా పడతా నంబరు సూసాను. ఆ కారు ఆగలేదు."

"నాకు తెలీలేదమ్మా," అన్నాడు ధర్మరాజు. సంచి గడప మీద పెట్టాడు.

"అన్న మరి లేవలేదు," అంది హైమ. "ఆ కారు దొరికితే తగలబెట్టి రమ్మన్నాను నాను, నాన్న బాగుసేసి వచ్చాడు."