గిజిగాడి సగం గూడు

వాగు మీదికి వంగిన ఈతచెట్టు మీద ఓ గిజిగాడు ఉండేవాడు. గూడు అల్లడంలో ఎంత నేర్పరో, కథ చెప్పడంలో అంత చాదస్తుడు.

"పిట్టపిల్ల వణికింది. అంటే భయపడిందన్నమాట. ఎందుకంటే పాము చెడ్డది. కాబట్టి మనమంతా..." అనేసరికి ఉడుత ఆవులించేది, పిచ్చుకలు తుర్రుమనేవి.

ఓ సాయంత్రం వినడానికి పెళ్లాం ఒక్కతే మిగిలింది.

"వీళ్లకి కథ వినడం చేతకాదు!" అని గిజిగాడు చిందులు తొక్కాడు.

"అది సరేగానీ, గూడు చూడ్డానికి నన్ను పిలిచినప్పుడు ఎంతవరకు కట్టావయ్యా?" అంది పెళ్లాం.

"సగమే. మన గిజిగాళ్ల ఆచారం అంతేగా! ఆడపిట్టకి నచ్చాకే మిగతాది."

"నేనొచ్చి లోపల మెత్తగా పరుచుకున్నాకే అది మనిల్లయింది. మరి కథలో ఎవరికీ చోటుంచవేం?"

గిజిగాడు రాత్రంతా మూతి ముడుచుకున్నాడు. మర్నాడు మాత్రం కథ ఇలా చెప్పాడు:

"పాము కొమ్మెక్కింది. గూట్లో పిల్ల ఒక్కటే ఉంది. బయట ఏదో చప్పుడైంది. పిల్ల తల బయటపెట్టింది."

అక్కడ ఆపేశాడు.

"వాళ్లమ్మే వచ్చుంటుంది!" అన్నాయి పిచ్చుకలు.

"కాదు, పామే!" అని ఉడుత తోక విదిలించింది.

చీకటి పడుతున్నా వాదన తెగలేదు, ఒక్కరూ కదల్లేదు. గిజిగాడి నోరు ఊరుకుంటేనా!

"అసలేం జరిగిందంటే..." అని మొదలెట్టాడు.

పెళ్లాం గబుక్కున ఆ నోట్లో ఓ గడ్డిపోచ పెట్టి, "నువ్వు గూడు అల్లుకో," అంది.