అన్న తీసేస్తే

"జర మంచిగ చూడన్నా! సాయన్న అనే ఉంటది," అంది సుకన్య.

"లేదమ్మా. మూడేండ్ల కింద ఆ నెలల సాయన్న అనేటాయన ఎవ్వలు చనిపోలేదు," అన్నాడు కంప్యూటర్ ముందున్న విజయేందర్. పంజగుట్ట దగ్గరి మున్సిపల్ ఆఫీసులో జనన మరణాల కౌంటర్ అతనిదే.

"మా నాన్న పోయిండన్నా! నాకెరుక లేదా?"

వెనకాల నిలబడ్డ మహిపాల్‌కు నవ్వాగలేదు. ఈ అమ్మాయి గేటు దగ్గర వాచ్‌మన్‌ను అన్నా అంది. జిరాక్స్ తీసే అతన్ని అన్నా అంది. క్యూలో ముందున్న ముసలాయన్ని కూడా వదల్లేదు. అంతవరకు బాగానే ఉంది. ఇందాక పెన్ను అడుగుతూ మహిపాల్‌ను కూడా అన్నా అంది. అతనికి ప్రాణం ఉసూరుమంది. ఆమె పెన్ను తీసుకుని నవ్వేసరికే మనిషి పడిపోయాడు మరి.

"నన్నొక్కణ్ణి అన్నా అనకుండ్రి, ప్లీజ్," అన్నాడు అప్పుడే, ధైర్యం చేసి.

"మరేమనాలె అన్నా?" అంది ఆమె అమాయకంగా.

విజయేందర్ ఆమెను కాస్త పక్కకు జరగమని మహిపాల్ కాగితం అందుకున్నాడు. "భూలక్ష్మి. మీ అమ్మనా? దేనికి కావాలె? బ్యాంకుకా, ఇంటికా, రెండో పెండ్లికా?"

క్యూ మొత్తం గొల్లుమంది.

"నవ్వుతరేంది? వీటికే అడుగుతరు మరి," అన్నాడు విజయేందర్.

"నాకు తెల్వదు. ఇయ్యాలనే తెమ్మన్నడు మా నాన్న. ఎందుకంటే, 'ముందుగాల తే, తర్వాత చెప్త' అన్నడు." పొద్దున జుట్టుకు రంగు వేసుకుంటూ రాజనర్సయ్య చెప్పిన మాట అది. కాగితం పనికి అంత సోకెందుకో మహిపాల్‌కు అర్థం కాలేదు. పోనీలే, అమ్మ పోయాక ఇన్నాళ్లకు నాన్న అద్దం ముందు నిలబడ్డాడని సంతోషించాడు.

"మా అమ్మ సుత గంతే," అంది సుకన్య. "కసిరి పంపింది."

భూలక్ష్మి పేరు వెంటనే దొరికింది. సర్టిఫికెట్ చేతికొచ్చింది. పనైపోయిన మనిషి ఇంటికి పోవాలి. మహిపాల్ కదల్లేదు.

"అగో, మీ ఇద్దరిది ఒకటే దవాఖాన, ఒకటే నెల," అన్నాడు విజయేందర్.

"నేనప్పుడు పూణెల కొత్త నౌకరిల ఉంటి. రాత్రిపగలు నాన్ననే చూసుకున్నడు," అన్నాడు మహిపాల్.

"నాకు డిగ్రీ పరీక్షలుండె. అమ్మ ఒక్కతే వార్డుల ఉండె," అంది సుకన్య. ఆమె గొంతు కొంచెం తగ్గింది.

మహిపాల్ ఉండబట్టలేకపోయాడు. "మీ నాన్న పేరు ఎవరు రాయించిండ్రు?"

"అమ్మైతే కాదు. మొగుని పేరు నోటితోని పలకదు. పక్క బెడ్డు కాడ ఉన్న పెద్దాయనతోని చెప్పించిందంట."

"ఆయనేమని చెప్పి ఉంటడు?"

"సాయన్న అనే."

మహిపాల్ కౌంటర్ మీద చిన్నగా చరిచాడు. "గదే కిరికిరి! రాసుకునేటోడు ఆ అన్నను మర్యాద అనుకున్నడు. భాయ్, అన్న తీసేసి ఉత్త 'సాయి' అని కొట్టుండ్రి!"

విజయేందర్ కొట్టాడు. సాయి దొరికాడు. వయసు, ఇల్లు, దవాఖాన, అన్నీ సరిపోయాయి. సుకన్య చప్పట్లు కొట్టింది. వెనకున్న ముసలాయన కూడా కొట్టాడు.

"ఆ పెద్దమనిషి ఎవరోగాని, జర ఇవరంగ చెప్తే ఏం పోతుండె!" అని తిట్టాడు మహిపాల్.

"అన్నను తీసేసుడు అల్కగ అయింది. మళ్ల కలపాలంటే పెద్దసారు సంతకం కావాలె. ఆధార్ ఇయ్యుండ్రి," అన్నాడు విజయేందర్.

ఆధార్ లోపలికి పోయింది, సంతకం బయటికి వచ్చింది. కొత్త కాగితం మీద 'సాయన్న' అన్న పేరును సుకన్య వేలితో తడిమింది. "మా నాన్న ఇప్పుడు పూర్తిగ ఉన్నడు," అంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు చూశాక మహిపాల్‌కు ఇక ఆగడం చేతకాలేదు.

"చూసిండ్రా? అన్న తీసేస్తే పనైంది. నాక్కూడ తీసేయరాదుండ్రి!"

ఆమె అతన్ని పైనుంచి కిందిదాకా చూసి, చేతిలోని రసీదు మీద అతని పేరు చదివింది. "సరే," అంది, "మహిపాల్."

అతని కాళ్లు భూమ్మీద ఆనలేదు. "అమీర్‌పేట్ మెట్రో కింద ఇరానీ హోటల్ ఉంది. మా నాన్న గక్కడనే ఉన్నడు. చాయ్ తాగుదాం రాండ్రి, పరిచయం చేస్త."

"అబ్బో! మా అమ్మ సుత గా హోటల్‌కే రమ్మన్నది!"

ఇది దేవుడు దగ్గరుండి చేస్తున్న పని అనుకున్నాడు మహిపాల్. ఇద్దరు పెద్దలు, ఒకటే హోటల్. మాట కలిపి, ఈ పూటే పెళ్లి సంగతి కూడా ఎత్తొచ్చు. "అన్నా, అమీర్‌పేట్ వస్తవా?" అని సుకన్య ఆటోను ఆపింది. ఆ అన్న తనది కానందుకు అతను దారంతా మురిసిపోయాడు.

హోటల్లో మూల టేబుల్ దగ్గర రాజనర్సయ్య నల్లటి జుట్టుతో, ఇస్త్రీ చొక్కాతో కూర్చుని ఉన్నాడు. పక్కనే పట్టుచీరలో ఒకావిడ. ఇద్దరికీ కలిపి ఒకటే ప్లేటు ఉస్మానియా బిస్కెట్లు. టేబుల్ మీద కవరులోంచి రెండు గులాబీ దండలు తొంగి చూస్తున్నాయి.

"నాన్నా, ఈమె సుకన్య," అన్నాడు మహిపాల్, కాలర్ సర్దుకుంటూ.

"అమ్మా, ఈయన మహిపాల్," అంది సుకన్య, సిగ్గుపడుతూ ఆవిడతో.

పెద్దవాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లు ఇంకా ఎక్కువ సిగ్గుపడ్డారు.

"రెండు సర్టిఫికెట్లు దొరికినయా?" అన్నాడు రాజనర్సయ్య. "ఆ దవాఖానల సాయన్న పేరు రాయించింది నేనే. మంచిగనే చెప్పిన కదా?"

సుకన్య తల్లి చంద్రమ్మ కొంగు సర్దుకుని, తలెత్తకుండానే కూతురితో అంది.

"బిడ్డా, మీ అన్నకు సుత ఒక చాయ్ చెప్పు."