పాతతీగ సలహా

“ఇది బేస్ గిటారా, మెట్ల మీద బిందె దొర్లించారా?”

సంగీత దర్శకుడు పంపిన మెసేజి చదివి అల్లుడు నీరుగారిపోయాడు. ఇంట్లో రికార్డు చేసి పంపిన ముక్క తిరిగి రావడం ఇది రెండోసారి. ఆదివారం సాయంత్రం ఐదింటిలోగా మళ్లీ పంపాలి. అదీ బాగాలేకపోతే పాట ఇంకొకరికి వెళ్లిపోతుంది. పదేళ్లుగా పెళ్లిళ్లలో, పార్టీల్లో వాయిస్తూ ఎదురుచూసిన మొదటి సినిమా పాట అది.

నెల కిందట అద్దె ఇంటి యజమాని ఆ మోత భరించలేక ఖాళీ చేయించాడు. అప్పటినుంచి మకాం అత్తవారింట్లోనే. అక్కడ తనకిచ్చిన గదిని అల్లుడు స్టూడియోగా మార్చేశాడు. మార్చడమంటే, తలుపు మీద ‘స్టూడియో’ అని రాసిన కాగితం అంటించాడు.

గోడ అవతల మామగారి గది. ఆయన నలభై ఏళ్లు గడియారాలు బాగుచేసి, ఈమధ్యే దుకాణం మూసేశారు. మహా మర్యాదస్తుడు. అల్లుణ్ణి పల్లెత్తు మాట అనరు. అతను ఏం వాయించినా ఒకటే పాట.

“బ్రహ్మాండం అల్లుడుగారూ! మా మంచం కూడా తాళం వేసిందంటే నమ్మండి.”

ఈ మెచ్చుకోలు వల్ల ఒరిగేదేముంది? మామగారికి బేస్ గిటారూ పిండిమరా ఒకటేనని అల్లుడి అభిప్రాయం.

భార్యకి అంత మొహమాటం లేదు. “కాస్త మెల్లగా వాయించకూడదూ? ఇల్లు అదిరిపోతోంది.”

“బేస్ అంటేనే అదరడం. నీకు తెలీదులే.”

“నాన్నా, నువ్వైనా నిజం చెప్పు. మధ్యాహ్నం పూట నీకు నిద్ర పడుతోందా?”

“భలేదానివే! ఎందుకు పట్టదమ్మా?”

అల్లుడు భార్య వంక చూసి కనుబొమలు ఎగరేశాడు.

ఎగరేశాడు గానీ, లోపల పీకుతూనే ఉంది. గదిలోకి వెళ్లి తలుపేసుకుని, ఫోన్లో, ఎవరైనా చేరగలిగే బేస్ వాయించేవాళ్ల గ్రూపు తెరిచి గోడు వెళ్లబోసుకున్నాడు. వాయించిన ముక్క పెట్టి, తప్పెక్కడుందో దాచకుండా చెప్పమని అడిగాడు.

ఇద్దరు ముగ్గురు కొత్త గిటార్ కొనమన్నారు. ‘పాతతీగ’ అన్న పేరుతో ఉన్న ఒకడు మాత్రం ఏకిపారేశాడు.

‘వాయిస్తున్నావా, గోడకి మేకులు కొడుతున్నావా? స్పీకరు పెట్టె గోడకి ఆనించి పెట్టావు కదూ? అక్కణ్ణుంచి జరుపు. గాజు సామాను గలగలలాడుతోంది.’

అల్లుడికి ఒళ్లు మండింది. అయితే స్పీకరు పెట్టె నిజంగానే గోడకి ఆనుకుని ఉంది! గదిలో గాజు సామాను మాత్రం ఏమీ లేదు. కిటికీ అద్దమై ఉంటుందని దాని సందులో కాగితం మడిచి కుక్కాడు. పెట్టెని గది మధ్యకి జరిపాడు. మళ్లీ రికార్డు చేసి విన్నాడు. గుంయ్‌మనే మోత సగం తగ్గింది.

అంత మోతలో గాజు గలగల పట్టుకున్నవాడు మామూలు మనిషా? అల్లుడికి గురి కుదిరింది.

‘గురువుగారూ, ఇంకా ముద్దముద్దగా ఉంది.’

‘ఉండదూ మరి? తీగని పీకుతున్నావు. వేలి కొసతో మెత్తగా తాకు. కాలితో నేలని తన్నడం కూడా ఆపు.’

కాలి సంగతి ఎలా తెలిసిందబ్బా అనుకుంటూనే కాలు మడిచి కూర్చున్నాడు. తీగని మెత్తగా తాకాడు. ఈసారి ఏ స్వరానికి ఆ స్వరం విడివిడిగా వినపడింది.

ఆదివారం పొద్దున్న ఇంకో సలహా వచ్చింది. తీగల కింద, ఆ చివర, చిన్న స్పాంజి ముక్క దూర్చమని. అల్లుడు వంటింట్లోకి వెళ్లి, అంట్లు తోమే కొత్త స్పాంజి కోసేశాడు. భార్య ముక్కు మీద వేలేసుకుంది. ఆ ముక్క దూర్చాక గిటార్ గొంతు గుండ్రంగా, హుందాగా మారింది.

పదకొండింటికి ఆఖరి సలహా.

‘ఇక ఆ స్పీకరు కట్టేయ్. గిటార్ వైరు తిన్నగా కంప్యూటరు పక్కనున్న రికార్డింగు డబ్బాకి పెట్టు. హెడ్‌ఫోన్లలో విను.’

స్పీకరు లేకుండా వాయించడమా! అల్లుడికి ప్రాణం ఉసూరుమంది. అయినా గురువు మాట. కట్టేశాడు. కళ్లు మూసుకుని వాయించాడు. పన్నెండింటికి పంపించేశాడు.

ఒంటిగంటన్నరకి ఫోను మోగింది.

“ఇన్నాళ్లూ ఎక్కడున్నారండీ మీరు?” అన్నాడు సంగీత దర్శకుడు. “ఈ పాట మీదే. తర్వాతి రెండూ కూడా మీరే వాయించాలి.”

అల్లుడు ఫోను పెట్టేశాడు. కళ్లు తుడుచుకుని, మామగారి గదిలోకి పరిగెత్తాడు.

“మామయ్యగారూ, పాట నాదే! అంతా మా గురువుగారి చలవ. మొహమైనా చూడలేదు. ఆయన అలా చెడామడా తిట్టబట్టి బాగుపడ్డాను. మీరు కూడా ఉన్నారు, ఏం వాయించినా బ్రహ్మాండం అంటారు!”

“మాకేం తెలుసు అల్లుడుగారూ,” అని మామగారు నవ్వారు. “పెద్దవాళ్ల మాట వేరు.”

అల్లుడు తన గదికి వచ్చి, పాతతీగకి రాశాడు. ‘గురువుగారూ, మీ కాళ్లకి దండం పెట్టాలని ఉంది. ఎక్కడుంటారో చెప్పండి, వస్తాను.’

గోడ అవతల మామగారు, ఫోన్లో చూస్తున్న బేస్ పాఠాల వీడియో ఆపి, కళ్లజోడు సర్దుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ‘దండాలొద్దు, ఆ స్పీకరు పెట్టె మళ్లీ ముట్టనని మాటివ్వు, అదే నాకు గురుదక్షిణ’ అని పంపించి, నెల రోజుల తర్వాత మొదటిసారి హాయిగా మధ్యాహ్నం నిద్రకి ఒరిగారు.