నడిమి గది

“ఆగు నాయనా! ఆ గోడ మీద దెబ్బ పడిందంటే పై అంతస్తు కిందికొస్తుంది.”

సమ్మెట ఎత్తిన మేస్త్రీ అలాగే ఆగిపోయాడు.

వీధి గుమ్మంలో అరవై ఏళ్ళావిడ నిలబడి ఉంది.

“ఎవరండీ మీరు?” అంది ఇంటి ఇల్లాలు.

“దారిన పోతున్నానమ్మా. తలుపు తీసుంటే చూశాను.”

మేస్త్రీ నవ్వాడు. “దారినపోయే దానయ్యని విన్నాను గానీ, దానమ్మని ఇదే చూడ్డం!”

“నవ్వుదువు గానీ, ముందు పైన కాస్త పెచ్చు తీసి చూడు.”

విసుక్కుంటూనే ఉలి పెట్టి గీకాడు. సున్నం రాలింది. లోపల వరసగా దూలాల కొనలు. పై గది మొత్తం ఆ గోడ మీదే కూర్చుని ఉంది.

ఆ పై గదిలో అత్తగారు నిద్రపోతోంది.

మేస్త్రీ చప్పుడు చేయకుండా సమ్మెట కింద పెట్టేశాడు.

వాళ్ళు ఈమధ్యే కొనుక్కున్న ఇల్లది, అటూ ఇటూ ఇళ్ళు నొక్కేసినట్టుంటుంది. వెడల్పు పదకొండు అడుగులు. లావుపాటి మరిది లోపలికొస్తుంటే ఎదురొచ్చేవాళ్ళు వెనక్కి నడవాల్సిందే. ఇక నడిమి గదిలో మిట్టమధ్యాహ్నం కూడా దీపం ఉండాలి.

ఇల్లాలు కుట్టుపని చేస్తుంది. పన్నెండేళ్ళు ఎవరెవరి వరండాల్లోనో మిషను తొక్కింది. ఆ నడిమి గదిలో తన మిషను పెట్టుకోవాలని ఆమె కోరిక.

“గోడ తీయకపోతే వెలుగెలా వస్తుందండీ?” దిగులుగా అడిగింది.

“గోడతో నీకేం పని? వెలుగుని మింగేస్తున్నది మెట్లు. వాటి చుట్టూ ఉన్న చెక్క తడిక పీకేయించు. మెట్లని ఎడమ పక్కకి జరిపి, సందులు వదిలి పలకలు వేయించు. పైన కప్పులో గాజు పెట్టించు.”

తడుముకోకుండా చెప్పింది. ఏ పలక ఎంత మందమో కూడా చెప్పింది.

ఆ తర్వాత నాలుగు రోజులూ వచ్చింది. మేస్త్రీ పక్కనే నిలబడి, “ఇంకో అంగుళం ఇటు” అనేది. ఇల్లాలి భర్తకి చిర్రెత్తుకొచ్చింది.

“మీకింకేం పనీపాటా లేదాండీ?” అనేశాడు.

ఆవిడ మెట్ల వైపు ఒకసారి చూసింది. “నా పని అయిపోయింది బాబూ. ఇక మీరే పూర్తి చేసుకుంటారు” అని వెళ్ళిపోయింది.

మళ్ళీ రాలేదు.

రెండు నెలలకి పని పూర్తయింది. కప్పు గాజులోంచి ఎండ మెట్ల మీదుగా జారి, నడిమి గదిలో చాప పరిచినట్టు పడింది. ఇల్లాలు మిషను ముందు కూర్చుని, దీపం లేకుండా ఒక్క ప్రయత్నంలో సూదికి దారం ఎక్కించింది.

“ఏవండీ! చూశారా!” అని కేకేసింది. కళ్ళలో నీళ్ళు, మొహమంతా నవ్వు.

అత్తగారు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మెట్లు దిగొచ్చింది. “కాలెక్కడ పడుతుందో ఇన్నాళ్ళకి కనబడింది” అంది.

వీధి వీధంతా వచ్చి చూసింది. అదే వరసలో మూడిళ్ళ వాళ్ళు అప్పటికప్పుడే మేస్త్రీని మాట్లాడుకున్నారు. మేస్త్రీ మీసం దువ్వుకుంటూనే, “బుర్ర నాది కాదండీ, దానమ్మది” అని నిజం ఒప్పేసుకున్నాడు.

భర్త తల దించుకున్నాడు. “ఆవిణ్ణి పిలవాలి. ఎక్కడుంటుందో ఏమో!”

ఇల్లు అమ్మిన పెద్దాయన కూడా చూడ్డానికొచ్చాడు. గుమ్మం దాటి రెండడుగులు వేసి నిలబడిపోయాడు.

“అచ్చం ఆవిడ గీసినట్టే కట్టారే!”

“ఎవరండీ ఆవిడ?” ఇల్లాలు ఆత్రంగా అడిగింది.

“వెనక వీధిలో అద్దెకుండేదమ్మా. ఎన్నిసార్లొచ్చి కొలుచుకుందో, ఎన్ని కాగితాలు గీసుకుందో! పోయిన నెలే ఊరు మారిపోయింది.”

“అంత శ్రద్ధ దేనికండీ?”

పెద్దాయన ఎండ పడ్డ మెట్టుని చేత్తో తడిమాడు.

“ఒక్క నెల ఆగమని నన్ను బతిమాలింది, ఈలోగా మీరొచ్చారు... లేకపోతే ఈ ఇల్లు ఆవిడే కొనుక్కునేదమ్మా.”