ఏడో నెల దగ్గు

"ఏడో నెల మనిషికి సారా కలిసిన దగ్గుమందా? నీకు మతుందా?" అంటూ శర్బరి సీసాను కొట్టువాడి ముందు బల్ల మీద ఠక్కున పెట్టింది. ఆవిడ నోటికి జడవని మందుల కొట్టు శ్రీరాంపూర్‌లో లేదు. "తప్పుకో. డాక్టర్‌బాబునే అడుగుతాను."

కొట్టు వెనక తెర, తెర లోపల హల్దార్ డాక్టరు. తెరకు ఇవతల బెంచీ మీద వీధి ఆడవాళ్ళంతా చెవులు రిక్కించి కూర్చున్నారు. తోడికోడలు పియాలి పొట్ట పట్టుకుని శర్బరి వెనకాలే లోపలికి నడిచింది.

"అక్కా, నా దగ్గు నిన్నే తగ్గిపోయింది."

"మళ్ళీ వస్తుంది. నోరు మూసుకుని కూర్చో."

పియాలి స్టూలు మీద కూర్చుంది. ఈవిడ పెత్తనం కొత్తేమీ కాదు. మూడు నెలలు నిండకుండానే తన కడుపు సంగతి తను పక్కింట్లో చెప్పినందుకు, దిష్టి కొడుతుందంటూ కొన్నాళ్ళు మాట్లాడడమే మానేసింది. ఏళ్ళ తరబడి పిల్లల్లేని మనిషి, నా బిడ్డ మీదే ప్రాణం పెట్టుకుందిలే అని పియాలి సర్దుకుంది.

"రాత్రంతా దగ్గే డాక్టర్‌బాబూ! లోపల బిడ్డ అదిరిపోదూ?" అంది శర్బరి.

"అదరదమ్మా, నీళ్ళలో భద్రంగా ఉంటుంది. జ్వరం, ఆయాసం, కళ్ళెలో నెత్తురు?"

"ఏవీ లేవు. పొడి దగ్గు."

"ముందు గోరువెచ్చని నీళ్ళు, తేనె. తగ్గకపోతే ఒక్క దగ్గుకే పనిచేసే మందు రాస్తాను. జలుబుకీ జ్వరానికీ అన్నీ కలిపినవి, మత్తిచ్చేవి, సారా ఉన్నవి వద్దు. ఇంట్లో మిగిలిన సీసాలు అసలే ముట్టుకోవద్దు."

"మొదటి నెలల్లో అయితేనో?"

"ఇంకా జాగ్రత్త. ఈమెకు ఏడో నెల కదా?"

"తెలుసుకుంటే తప్పేంటి? వీధిలో నలుగురికి చెప్పొచ్చు!"

డాక్టరు పియాలి వీపుకు స్టెతస్కోపు ఆనించాడు. "ఊపిరి పీల్చు. మళ్ళీ." నొసలు ముడిచాడు. "ఇక్కడ దగ్గు జాడే లేదు. నేను రాయను."

"నేను చెబుతున్నానుగా, రాయం..." శర్బరి గద్దించబోయింది. ఇంతలో దగ్గు తెర కమ్ముకొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. "ఏం లేదు, పొద్దున ఆవాలు వేయించాను, ఆ ఘాటు" అంది రొప్పుతూ.

అవతల బెంచీ మీద గుసగుసలు ఆగిపోయాయి.

పియాలి తలెత్తి చూసింది. ఒక చేత్తో కొంగు పట్టుకున్న శర్బరి, శంఖు గాజుల రెండో చేత్తో పొత్తికడుపు గట్టిగా పొదివి పట్టుకుంది. ఆ కళ్ళలో ఎన్నడూ లేని భయం కనిపించింది. పియాలి లేచి, ఆవిడను స్టూలు మీద కూర్చోబెట్టింది.

"దగ్గు నాకే డాక్టర్‌బాబూ, రాయండి!" బెంచీ దాకా వినిపించేలా గట్టిగా అంది.

తర్వాత వంగి, గొంతు తగ్గించింది.

"ఛాతీ మాత్రం అక్కది చూడండి. మందు మొదటి నెలలకు పనికొచ్చేది రాయండి."